పదకొండో అధ్యాయం చివరి మాట

మూడో అంతస్తు, వంటింటి బల్ల
జూన్ 6

చెవులపిల్లీ,

ఈ పేరుతో నిన్ను పిలిచే హక్కు మీ అన్నయ్యది. ఇప్పుడు నాకు దఖలు పడిందనుకో. పక్కింట్లో చెంచా కింద పడితే అది స్టీలుదో ఇత్తడిదో చెప్పేదానివట చిన్నప్పుడు, అందుకే ఆ పేరు పెట్టానని నాకు పెళ్లైన కొత్తలోనే చెప్పాడు. ఆడపడుచు గురించి నాకు తెలిసిన మొదటి సంగతి అదే.

ముందే చెబుతున్నాను, ఫోన్ చెయ్యకు. నువ్వు మాట్లాడితే మీ అన్నయ్య మాట్లాడినట్టే ఉంటుంది, ఒక మెట్టు పైన, అంతే తేడా. మొన్న నువ్వు చేసినప్పుడు ఎత్తి, వెంటనే పెట్టేసింది అందుకే. ఏమైనా ఉంటే కాగితం మీద రాసుకుందాం.

కవరులో ఉన్న చిన్న కార్డు తన రికార్డర్‌లోది. మా ఇంటి పద్ధతి నీకు తెలుసు. నేను ఒక అధ్యాయం రాస్తాను, తను గదిలో కూర్చుని పైకి చదువుతాడు, నేను వంటింట్లో ఉండి వింటాను. ఎదురుగా కూర్చుంటే తన ముఖం చూసి మోసపోతానని పక్క గదిలోకి తోలేసేవాడు. లెక్కల మాస్టారు కదా, ప్రేమలేఖ ఇచ్చినా సిద్ధాంతం నిరూపించినట్టే చదువుతాడు. ఆ చదువుకి తట్టుకుని నిలబడిన వాక్యాన్ని ఉంచుకునేదాన్ని, మిగతావి కొట్టేసేదాన్ని. పదిహేనేళ్లు, నాలుగు నవలలు అలాగే రాశాను.

ఈ కళ్లజోళ్ల నవలకి పదకొండు అధ్యాయాలు చదివాడు. పన్నెండోది, ఆఖరిది, ఇంకా రాయలేదు. కళ్లజోళ్లు చేసే ఆయన మంచం మీద ఉన్నాడు, భార్య తలుపు దగ్గర నిలబడి ఉంది. మూణ్నెల్లుగా ఆవిడ అక్కడే నిలబడి ఉంది, కాళ్లు పీకుతూ ఉంటాయి పాపం.

ఆడియో పుస్తకాలు వేసే ఎడిటరమ్మ ఈ రికార్డింగుల సంగతి విని, ఆ గొంతుతోనే వేద్దామంది. శుభ్రం చేయించమంది. పన్నెండోది సెప్టెంబరు ఆఖరుకల్లా కావాలంది. రాతప్రతి కూడా పెడుతున్నాను. అందులో ఉన్నది ఉంచు. అందులో లేనిది, దగ్గులు గానీ గొణుగుళ్లు గానీ మధ్యలో నాతో అన్న మాటలు గానీ, ఏదీ ఉంచకు.

నేను బాగానే ఉన్నాను. వచ్చినవాళ్లందరూ ఏడువమ్మా, భారం దిగుతుంది అంటారు. రావాలి కదా. నిన్న ఇస్త్రీ పెట్టె దగ్గర కమురు వాసన వస్తే చీర కాలిందనుకున్నాను, చూస్తే నా మణికట్టు. మందు రాసుకుని మిగతా చీరలు కూడా ఇస్త్రీ చేసేశాను.

వదిన

*

స్టూడియో, అద్దం గది
జూన్ 30

వదినా,

పదకొండు అధ్యాయాలూ అయిపోయాయి, ఈ పెట్టెలో పంపుతున్నాను. రాతప్రతి పక్కన పెట్టుకుని అక్షరం పొల్లు పోకుండా చేశాను. నువ్వు చెప్పినట్టే అందులో లేనిదేదీ లేదు. చెయ్యి ఎలా ఉంది? కాలిన చోట నీళ్లు తగలనివ్వకు.

నా గురించి అడగలేదు గానీ చెబుతాను. సీరియల్ పని నడుస్తోంది. బొమ్మ చూస్తూ అడుగుల చప్పుళ్లు చెయ్యడమే ఉద్యోగం. ఇవాళ ఒక్కరోజే ఒక పోలీసునీ, ఇద్దరు అత్తగార్లనీ, ఒక గర్భిణీ స్త్రీనీ నడిచాను. అత్తగార్లకి మడమ గట్టిగా వెయ్యాలి, దర్శకుడి ఉత్తర్వు.

ఇంకో పని వచ్చింది. స్కానింగ్ సెంటర్లో జనం కూర్చునే హాలుకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగే సంగీతం కావాలట. రాగం ఉండకూడదు, తాళం ఉండకూడదు, మాట అసలే ఉండకూడదు, ఉందో లేదో తెలియకుండా ఉండాలి అన్నారు. అలాంటి పెళ్లికొడుకుని నాకు ఒకసారి చూపించారు, గుర్తుందా? అన్నయ్య కాఫీ తాగి లేచి వచ్చేశాడు.

అన్నయ్య గొంతు బాగా పడింది. నువ్వు విని చెప్పు.

నీ
చెవులపిల్లి

*

మూడో అంతస్తు
జూలై 14

చెవులపిల్లీ,

పది రోజులు ఆ పెట్టె విప్పలేదు. నిన్న విప్పి, వరసగా పదకొండూ విన్నాను.

నీ పనిలో వంక పెట్టలేను. తోమిన కంచంలా ఉంది. ఊపిరి లేదు, పేజీ తిప్పిన చప్పుడు లేదు, కుర్చీ కిర్రుమనడం లేదు. రేడియోలో ఎవరో వార్తలు చదువుతున్నట్టు ఉంది. వింటూ పప్పులో రాళ్లు ఏరుకున్నాను. ఏమీ అనిపించలేదు. నా మొగుడి గొంతు నాకు పక్కవీధి మైకులా వినిపించింది, అదేమిటే అని నన్ను నేనే అడిగాను.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి ఉత్తరంలో రాయలేదు, రాయాల్సింది. పదకొండో అధ్యాయం చదవడం అయిపోయాక తను రికార్డర్ ఆపకుండా ఏదో మాట్లాడాడు. నేను వంటింట్లో ఉన్నాను, వినలేదు. సాయంత్రం అన్నం తింటూ "ముగింపు గురించి చెప్పాల్సింది అందులో చెప్పాను, తీరిక చూసుకుని విను" అన్నాడు. సరే అన్నాను. తీరిక దొరకలేదు. తర్వాత రెండు వారాలకే ఆసుపత్రి, ఆపైన పదకొండు రోజులు, ఆపైన సంగతి నీకు తెలుసు.

ఇన్నాళ్లూ వినే ధైర్యం లేదు. ఇప్పుడు ధైర్యం వచ్చిందని కాదు, ఏమీ అనిపించడం లేదు కాబట్టి వినగలననిపిస్తోంది. పన్నెండో అధ్యాయం అది వినకుండా రాయలేను. "నీ కథల్లో ఎవరూ చావరోయ్, ఊరు మారతారంతే" అని ఎప్పుడూ వెక్కిరించేవాడు. నాలుగు నవలల్లో నలుగురిని రైలెక్కించాను, నిజమే. కళ్లజోళ్ల ఆయనని ఏం చెయ్యాలో చెప్పే ఉంటాడు. నువ్వు పంపిన దాంట్లో ఆ ముక్క లేదు. రాతప్రతిలో లేనిది కదా, తీసేసి ఉంటావు. తీసింది విడిగా పంపు.

వదిన

*

స్టూడియో
జూలై 27

వదినా,

ఉత్తరం అందింది. ఆలస్యానికి ఏమీ అనుకోకు, కంప్యూటర్ బాగుచేయడానికి ఇచ్చాను, వచ్చాక ఆ ముక్క వెతికి పంపుతాను. ఒక వారం, పది రోజులు పట్టొచ్చు.

ఈలోగా స్కానింగ్ సెంటర్ పని అప్పగించేశాను. నలభై నిమిషాల నిడివి, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి వస్తుంది. నీకు ఈ సంగీతం గురించి ఎప్పుడూ చెప్పలేదు కదా. చిన్న శబ్దాన్ని తీసుకుని సాగదీస్తాం. చెంచా మోత పది సెకన్లది ఉందనుకో, దాన్ని పావుగంట చేస్తే అది చెంచా అని దాని తల్లి కూడా గుర్తుపట్టదు. ఒక మేఘం లాంటిది మిగులుతుంది. దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి పరుస్తాం. ఒకసారి తలుపు గడియతో చేశాను, ఒకసారి పాత ఫ్యాన్‌తో. ఫ్యాన్‌ది చాలామందికి నచ్చింది, ఒకావిడ అది విని తన బిడ్డ నిద్రపోతోందని రాసింది. సెంటర్ వాళ్లు కూడా మెచ్చుకున్నారు, కాకపోతే జనం కునుకు తీసి తమ నంబరు పిలిచినా లేవడం లేదట. అదొక్కటే ఫిర్యాదు. ఇంకా ఏమిటంటే మా దర్శకుడు ఈ వారం అత్తగారిని మెట్ల మీద నుంచి దొర్లించమన్నాడు, రెండు బియ్యం బస్తాలు తెచ్చి నాలుగుసార్లు దొర్లించాం. బస్తా చిరిగింది. వానలు బాగా పడుతున్నాయి ఇక్కడ, అక్కడ ఎలా ఉన్నాయి? నువ్వు సరిగ్గా తింటున్నావా?

చెవులపిల్లి

*

మూడో అంతస్తు
ఆగస్టు 2

నీ నోట్లో నువ్వుగింజ నానదు, అలాంటిది మూడు పేజీలు రాసి అసలు మాట మింగేశావు. వానల గురించి ఎప్పుడు అడిగావు నన్ను? తేలు కుట్టిన దొంగలా ఉంది నీ ఉత్తరం.

ఏమైంది?

వదిన

*

స్టూడియో, అద్దం గది
ఆగస్టు 11

వదినా,

ఆ ముక్క లేదు. కంప్యూటర్ చెడిపోలేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

కార్డు వచ్చిన రోజు హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదటి అధ్యాయం నొక్కాను. "ఒకటి" అన్నాడు అన్నయ్య. అంతే, తీసేశాను. మర్నాడు మళ్లీ పెట్టుకున్నాను, మళ్లీ "ఒకటి" దగ్గరే తీసేశాను. బాధ అని కూడా చెప్పలేను. చెయ్యి తిమ్మిరెక్కితే మనది కానట్టు ఉంటుందే, తల అంతా అలా అయిపోయింది.

అందుకని శబ్దం ఆపేసి చేశాను వదినా. పదకొండు అధ్యాయాలూ. మా పనిలో గొంతు తెర మీద గీతలుగా కనిపిస్తుంది. మాట ఉన్నచోట గుట్టలు, ఊపిరి ఉన్నచోట సన్నటి గడ్డి. ఇరవై ఏళ్ల అలవాటు మీద ఏ గుట్ట ఏ వాక్యమో చూసి చెప్పగలను. రాతప్రతి పక్కన పెట్టుకుని గుట్టలు లెక్కపెట్టుకుంటూ పోయాను, లెక్కకి రానిదాన్ని కోసేశాను. చెవులపిల్లి అన్న పేరు పెట్టించుకుని, అన్నయ్య గొంతుని కళ్లతో కోశాను. ఎవరికైనా చెబితే నవ్వుతారు.

పదకొండో అధ్యాయం చివర ఒక గుట్టల వరస కనిపించింది. ముప్పై సెకన్లకి కాస్త ఎక్కువ. రాతప్రతిలో లేదు. కోశాను.

మేం కోసినవాటిని వెంటనే పారెయ్యం. బుట్ట అనే ఒక ఫోల్డర్‌లో పడేస్తాం, ఎప్పుడైనా సంగీతానికి పనికొస్తాయని. హాలు సంగీతానికి మెత్తటి శబ్దం కోసం బుట్టలో వెతికాను. అప్పుడు కూడా వినలేదు, గీతలే చూశాను. అందులో ఆ ముప్పై సెకన్లు చూడ్డానికి బాగుంది, మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది. దాన్ని నలభై నిమిషాలు సాగదీసి, పాత ముక్క మీదే భద్రం చేశాను. సాగదీసిందాన్ని మళ్లీ కుదించి చూశాను వదినా, పది రోజులు అదే పని. గొంతు ఎత్తుపల్లాలు తెలుస్తున్నాయి, మాటలు తెలియడం లేదు. పిండి మళ్లీ గింజలు కాదు.

కార్డు సంగతి. పని అవగానే కార్డు తుడిచి తిరిగి ఇవ్వడం మా వాళ్లలో మర్యాద. తుడిచాను. తుడిచి, నీకు పంపకుండా, అదే కార్డులో ఆ హాలు గాలి శబ్దం నింపుకొచ్చాను. తుడిచినవాటిని వెలికితీసే అతనికి ఇచ్చి చూశాను. ఏమీ మిగల్లేదన్నాడు.

అన్నయ్య నీకు చెప్పిన ఆఖరి మాట ఇప్పుడు స్కానింగ్ సెంటర్ హాల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగుతోంది. ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు. నన్ను తిట్టు. తిట్టకుండా ఊరుకోవద్దు.

*

స్కానింగ్ సెంటర్ హాలు, మూడో వరస
సెప్టెంబరు 5

చెవులపిల్లీ,

మూడు వారాలు ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాను. కోపం వస్తుందేమో అని చూశాను. వస్తే బాగుండును, ఏదో ఒకటి వచ్చినట్టుండేది.

రెండు బస్సులు మారి ఇక్కడికి వచ్చాను. ఇక్కడిచ్చిన ఫారాల వెనక రాస్తున్నాను. పేరు, వయసు, నొప్పి ఎక్కడ అని అడిగారు ముందువైపు, ఖాళీగా వదిలేశాను. బల్ల దగ్గరమ్మాయి ఏ పరీక్ష అంటే, తోడు వచ్చానన్నాను.

నీ సంగీతం రెండుసార్లు పూర్తిగా విన్నాను. పైకప్పులో గుండ్రటి డబ్బాల్లోంచి వస్తోంది. మొదట ఏసీ చప్పుడనుకున్నాను. మెల్లగా లేస్తుంది, కాసేపు అక్కడే ఉంటుంది, దిగుతుంది. ఒక మాట నాలుగు నిమిషాలు పడుతోందేమో. నా పక్కన మోకాలి పట్టీ పెద్దాయన గురక పెడుతున్నాడు. ఎదురుగా ఒకావిడ మొగుడి చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, అతను లోపల యంత్రంలో ఉన్నాడు. నా మొగుడు వీళ్లందరి నెత్తి మీద ఒక వాక్యం మాట్లాడుతున్నాడు. నేను తప్ప ఎవరికీ తెలియదు, నాకూ అర్థం కాదు. అయినా కూర్చున్నాను. ఏడుస్తానేమో అని రుమాలు తెచ్చుకున్నాను, మడత విప్పలేదు.

నిన్ను తిట్టను. ఎందుకో చెబుతాను.

ముగింపు అంటే నవల ముగింపు అని నీకు రాశాను. అది సగమే. తన జబ్బు సంగతి రిపోర్టులో తేలినప్పటి నుంచి తనకి ఇంకో ముగింపు గురించి మాట్లాడాలని ఉంది. గొట్టాలూ యంత్రాలూ పెట్టించకు అని చెప్పాలనుకున్నాడో, ఎంతదూరమైనా ప్రయత్నించు అని చెప్పాలనుకున్నాడో నాకు తెలియదు. ఆ ముప్పై సెకన్లలో ఉన్నది అదేనని నా అనుమానం. విని ఉంటే తెలిసేది. వినలేదు. ఆసుపత్రిలో డాక్టరు కాగితం ఇచ్చి యంత్రం మీద పెట్టమంటారా అంటే, సంతకం చేశాను. పదకొండు రోజులు తను ఆ గొట్టంతో ఉన్నాడు. కళ్లు తెరిచినప్పుడల్లా నా వైపే చూశాడు. ఎందుకు చూస్తున్నాడో నేను అడగలేను, తను చెప్పలేడు.

తర్వాత కార్డు చేతికొచ్చింది. వింటే రెండిట్లో ఒకటి తేలిపోతుంది. వద్దని చెప్పి ఉంటే, నేనేం చేశానో తేలిపోతుంది. అందుకే నీకు పంపాను. రాతప్రతిలో లేనిది ఏదీ ఉంచకు అని రాసింది ఎవరు? నేనే కదా. నువ్వు పోగొట్టావని ఏడుస్తున్నావు, పోతే బాగుండునని ఏ మూలో అనుకుని నేనే నీ చేతిలో పెట్టాను. ఆ తర్వాత దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, తీసింది పంపమని ఉత్తరం రాశాను.

అది నాకు కావాలనే అడిగాను, అదీ నిజమే. రెండూ నిజమే.

నా నంబరు లేదు కాబట్టి ఎవరూ పిలవరు. లేచి వెళ్లిపోతాను.

వదిన

*

స్టూడియో
సెప్టెంబరు 12

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నీకొక్కదానికే ఆ కాగితం బరువు వద్దు. ఆ రోజు డాక్టరు ముందు అడిగింది నన్ను. నువ్వు మందులకి కిందికి వెళ్లావు. "ఏం చేద్దాం" అన్నాడు. "పెట్టండి, మా వదిన సంతకం చేస్తుంది" అన్నాను. నువ్వు వచ్చేసరికి కలం మూత తీసి పట్టుకుని నిలబడ్డాను. అన్నయ్యకి ఏం కావాలో నేను ఆలోచించనే లేదు. నాకు అన్నయ్య కావాలి, అంతే. ఆరు నెలలుగా ఇది నీకు చెప్పలేదు.

ఇంకొకటి. నీ ఉత్తరం చదివాక బుట్ట మొత్తం మళ్లీ వెతికాను. ఈసారి హెడ్‌ఫోన్ పెట్టుకుని, శబ్దం పెట్టుకుని, ఒక్కొక్కటీ. నాలుగు వందల పైచిలుకు ముక్కలు ఉన్నాయి. దగ్గులు, పేజీలు, ఊపిర్లు. "ఈ కామా ఇక్కడెందుకు" అని ఒకచోట విసుక్కున్నాడు. ఇంకోచోట నీ వాక్యం చదివి తనలో తను నవ్వుకున్నాడు. ఇవన్నీ నీకు పంపుతున్నాను.

వాటిలో ఒక చిన్న ముక్క దొరికింది. ఆ ముప్పై సెకన్ల ముందుభాగం. సంగీతం కోసం సాగదీసేటప్పుడు మొదటి ఏడెనిమిది సెకన్లు విడిగా కోసి పక్కన పడేశానన్నమాట, గీత మురికిగా కనిపించి. అందులో ఒక్క మాటే ఉంది. "ఇదిగో." నిన్ను పిలిచే ఇదిగో. పేరుతో పిలిచినట్టు నేనెప్పుడూ వినలేదు కదా. ఆ తర్వాత మాటలు లేవు, ఆగాడు. నువ్వు పలుకుతావని ఆగినట్టుంది.

మురికి ఏమిటా అని విన్నాను. వెనకాల నీళ్లు. వంటింటి కుళాయి అనుకుంటాను, స్టీలు తొట్టిలో పడుతోంది. "ఇదిగో" అనగానే ఆ ధార ఒక్కసారిగా పెద్దదైంది, ఎవరో ఇంకాస్త తిప్పినట్టు. ఉన్నట్టుండి లేచిన ఆ మోత వల్లే అది సంగీతానికి పనికిరాక మిగిలిపోయింది. నీళ్లని తీసేసి మాట ఒక్కటీ ఇవ్వగలను, కానీ ఈసారి దేన్నీ ముట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టు పంపుతున్నాను.

హాలు సంగీతం తీసేసి ఇంకోటి ఇస్తానని సెంటర్ వాళ్లకి రాయమంటావా?

చెవులపిల్లి

*

మూడో అంతస్తు, గదిలో
సెప్టెంబరు 28

చెవులపిల్లీ,

హాలుది ఉండనీ. నీది నిద్రపుచ్చే సంగీతం, వాళ్లకి కాస్త నిద్ర అవసరమే. కలం సంగతి కూడా విన్నాను. నువ్వు మూత తీసి పట్టుకున్నావు, నేను సంతకం చేశాను. ఆ పాపమేదో చెరిసగం పంచుకుందాం, ఆడపడుచువి కదా, వాటా అడుగుతావు.

పన్నెండో అధ్యాయం రాసేశాను. మొన్న ఎడిటరమ్మకి పంపాను. కళ్లజోళ్ల ఆయన చనిపోయాడు. రైలెక్కించలేదు. భార్యకి ఆయన ఏం కోరుకున్నాడో చివరిదాకా తెలియదు, తెలియకుండానే దుకాణం తెరుస్తుంది. చదివి వినిపించేవాళ్లు లేరు, ఏ వాక్యం నిలబడిందో ఏది లేదో తెలియదు. అలాగే పంపాను. ఎడిటరమ్మ ఈ ఒక్క అధ్యాయం ఇంకెవరి చేతైనా చదివిస్తానంది, సరే అన్నాను.

ఇప్పుడు నీ నీళ్ల సంగతి. నువ్వు అడగలేదు, అనుమానం కూడా పడి ఉండవు. అయినా చెబుతాను.

ఆ రోజు నేను వంటింట్లో ఉండి వినలేదని రాశాను కదా. విన్నాను. అధ్యాయం అంతా విన్నాను. అప్పటికి పది రోజులుగా "నీతో ఒక మాట మాట్లాడాలి" అంటున్నాడు, నేను ప్రతిసారీ ఏదో పని తగిలించుకుంటున్నాను. ఆ రోజు చదవడం అయ్యాక "ఇదిగో" అన్నాడు. ఆ పిలుపులోనే ఏం మాట్లాడబోతున్నాడో తెలిసిపోయింది. గిన్నెలన్నీ అప్పటికే కడిగేశాను. తొట్టిలో ఒక్క గ్లాసు కూడా లేదు. కుళాయి ఇంకాస్త తిప్పాను.

ఆ ధార పెద్దదైంది అందుకే. నాకు వినపడలేదని తను అనుకుని ఉండడు. వినపడనట్టు నటించే పిల్లల్ని ఇరవై ఏళ్లు చూసిన మాస్టారు. కాసేపు ఆగి, ఇక రాదులే అని, చెప్పాల్సింది ఆ రికార్డర్ డబ్బాకి చెప్పుకున్నాడు. నాకు చెప్పాల్సిన మాట డబ్బాకి చెప్పుకున్నాడు, చెవులపిల్లీ.

నువ్వు పంపింది వచ్చి వారమైంది. గదిలో తన బల్ల మీద స్పీకరు పెట్టాను. వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కుని, అక్కడి నుంచే ఫోన్‌లో నొక్కాను, మా పద్ధతి అదే కాబట్టి. "ఇదిగో" అన్నాడు. "ఆఁ, వస్తున్నా" అన్నాను. అనాలనుకుని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది. వెళ్లాను కూడా. వెళ్లేసరికి స్పీకరులోంచి నీళ్లు పడుతున్నాయి, నేను తిప్పిన నీళ్లు. అవి కూడా ఆగిపోయాయి. కుర్చీ ఖాళీగా ఉంది. తడి చేతులతో అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చాను. పక్కవాటా ఆవిడ తలుపు కొట్టేదాకా ఏడ్చాను.

ఏం చెప్పాడో ఇక తెలియదు. ఆ సంగతి నేను ఒప్పుకున్నాను.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెట్టుకుంటున్నాను. పిలిచిన ప్రతిసారీ వెళ్తున్నాను.

వదిన